గోదావరి ఒడ్డుకు వచ్చిన జర్మన్లు

జర్మనీ అనగానే మన విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చేది హిట్లరు, రెండు ప్రపంచ యుద్ధాలు. పదో తరగతి సాంఘికశాస్త్రంలో మనం చదువుకున్నది అంతవరకే. అయితే హిట్లరు పుట్టడానికి చాలా ముందే జర్మనీ నుంచి లక్షలాది పేద రైతులు, కుట్టుపనివాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, వడ్రంగులు పొట్ట చేతపట్టుకుని అమెరికా వెళ్ళిపోయారు. 1820 నుంచి 1910 వరకు అలా వెళ్ళినవారు 50 లక్షలకు పైమాటే. వారిలో ఎక్కువమంది నదుల వెంట ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళలో పనిచేసిన ఒక జర్మన్ పెద్దమనిషి మన గుంటూరుకు, పల్నాడుకు, చివరికి 76 ఏళ్ళ వయసులో గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రికి వచ్చి బళ్ళు నడిపాడు. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. ఈ వ్యాసం ఆ కథ గురించే.

ముందుగా ఒక మాట. మేము ఏ మతం గొప్పదో చెప్పడానికి ఇది రాయడం లేదు. మన హాస్టల్లో అన్ని రకాల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం ఉన్నాం. మా ఆసక్తి అంతా బడి మీద. ఒక జాతి వాళ్ళు కొత్త చోటికి వలస వెళ్ళి బడి కట్టుకున్నప్పుడు ఆ బడిలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్నది చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

పదమూడేళ్ళ కుర్రాడు

ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. మన గుంటూరు వైపు పెద్దలు ఇప్పటికీ 'ఫాదర్ హయ్యర్' అంటారు. 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. అప్పటికి జర్మనీ ఒకే దేశం కాదు, చిన్నచిన్న సంస్థానాలు. నెపోలియన్ సైన్యాలు వాటి మీదికి వచ్చిపడుతున్న కాలం. కొడుకు యుద్ధంలో చిక్కుకుంటాడేమోనని భయపడి తల్లిదండ్రులు 1807లో అతన్ని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపేశారు. మేనమామ ఉన్ని, బొచ్చు టోపీలు తయారుచేసే వ్యాపారి. అప్పటికి కుర్రాడికి ఇంకా 14 నిండలేదు. ఆరో తరగతిలోనే ఇల్లు వదిలి పెట్టె సర్దుకుని హాస్టలుకు వచ్చిన మనకు ఆ వయసులో సముద్రం దాటడం అంటే ఏమిటో కొంచెం తెలుస్తుంది. అయితే మనకు దసరాకు, సంక్రాంతికి ఇంటికి పోయే బస్సు ఉంటుంది. అతనికి లేదు.

ఫిలడెల్ఫియా డెలావేర్ నది ఒడ్డున ఉన్న రేవు పట్టణం. ఆ చుట్టుపక్కల, అంటే పెన్సిల్వేనియా రాష్ట్రం అంతటా జర్మన్లు అంతకు నూరేళ్ళ ముందునుంచే స్థిరపడి ఉన్నారు. ఇంగ్లీషు వాళ్ళు వాళ్ళను 'పెన్సిల్వేనియా డచ్' అనేవారు. వాళ్ళు డచ్చివాళ్ళు కారు, జర్మన్లు తమను తాము 'డాయిచ్' అని చెప్పుకుంటే ఆ మాటే అలా మారింది. ఇప్పటికీ ఆ పేరు పోలేదు. ఒకరు మనల్ని పిలిచే పేరు తప్పైనా ఎన్ని తరాలు అంటిపెట్టుకుని ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

హయ్యర్ అక్కడ టోపీల పని చూస్తూనే చదువుకుని, కొంతకాలం మళ్ళీ జర్మనీ వెళ్ళి గాటింగెన్ విశ్వవిద్యాలయంలో కూడా చదివి, తిరిగి వచ్చి 1817లో బోధకుడయ్యాడు. ఆయనకు పెద్ద చర్చీలో కుదురుగా కూర్చునే ఉద్యోగం దొరకలేదు, బహుశా ఆయన కోరుకోలేదు కూడా. గుర్రం ఎక్కి కొత్తగా అడవులు కొట్టుకుని సాగుచేసుకుంటున్న జర్మన్ కుటుంబాల దగ్గరికి ఊరూరా తిరగడమే ఆయన పని. 1837లో పిట్స్‌బర్గ్‌లో పనిచేశాడు. అది రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట ఉన్న ఊరు. అక్కడ జర్మన్ మాట్లాడే వారికి ఒక సంఘం, ఇంగ్లీషులో పెరిగిన వారి పిల్లలకు ఇంకొక సంఘం పెట్టాడు. ఈ చిన్న వివరం మాకు ముఖ్యం అనిపించింది. పెద్దవాళ్ళ భాష ఒకటి, పిల్లల భాష మరొకటి అవుతున్నప్పుడు ఒక్క భాషనే పట్టుకు కూర్చోకుండా ఎవరికి అర్థమయ్యే భాషలో వాళ్ళకు చెప్పాలని ఆయన అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత తెలుగు నేర్చుకోవడానికి ఆ అలవాటే పనికి వచ్చి ఉంటుంది.

గుంటూరు రాక

1839లో ఆయన భార్య చనిపోయింది. పిల్లలు ఆరుగురు. 1841 అక్టోబరులో 48 ఏళ్ళ వయసులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కాడు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా ఖండం చుట్టి రావలసిందే. 1842 మార్చిలో కొలంబోలో దిగి, అక్కడినుంచి తమిళ దేశం మీదుగా పైకి వచ్చి, 1842 జూలై 31న గుంటూరు చేరాడు. గుంటూరు లూథరన్ సంఘాల వారు ఆ తేదీని ఇప్పటికీ తలచుకుంటారు. గుంటూరే ఎందుకు అంటే, అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అక్కడ ఉండమని అడిగి ఆదరించాడు గనుక.

అప్పటి గుంటూరు ఎలా ఉండేదో కూడా గుర్తు చేసుకోవాలి. డొక్కల కరువు వచ్చి అప్పటికి 10 ఏళ్ళు కూడా కాలేదు. 1832-33లో వచ్చిన ఆ కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయ్యిందని చెప్పుకుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట ఆ తర్వాతి మాట. అంటే ఆయన వచ్చేటప్పటికి డెల్టాలో కాలువ నీళ్ళు లేవు. వానపడితే తిండి, లేకపోతే లేదు. కూలిజనం పరిస్థితి ఊహించుకోవచ్చు.

వచ్చిన కొద్దికాలానికే ఆయన బడి తెరిచాడు. ఆ బడి నుంచి పెరిగిన చదువుల చెట్టుకే 1885లో గుంటూరులో కళాశాల వచ్చింది. తర్వాత అదే ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయ్యింది. మనవైపు నుంచి వెళ్ళి 'ఏ.సీ. కాలేజీ'లో చదివిన పెద్దలు చాలామంది ఉన్నారు.

జబ్బుచేసి 1846 ప్రాంతంలో అమెరికా తిరిగి వెళ్ళినప్పుడు ఆయన ఊరికే విశ్రాంతి తీసుకోలేదు. బాల్టిమోర్‌లో వైద్యవిద్యలో చేరి 1847లో ఎం.డి. పట్టా తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు. మన హాస్టల్లో ఒక్కసారి ఇంటర్ తప్పితే 'ఇక చదువు మనకు రాదు' అని పెట్టె సర్దుకునే మిత్రులు ఈ సంగతి చదవాలని మా కోరిక. 1848లో మళ్ళీ వచ్చి పల్నాటిలో గురజాల దగ్గర మకాం పెట్టాడు. ఈసారి ఆయన చుట్టూ చేరినవారు ఎక్కువగా ఊరి బయట పల్లెల జనం.

రాజమండ్రిలో ఇంకొక జట్టు

ఇక్కడ కథ రెండు పాయలవుతుంది. హయ్యర్ అమెరికా మీదుగా వచ్చిన జర్మన్ అయితే, నేరుగా జర్మనీ నుంచే వచ్చినవాళ్ళు గోదావరి ఒడ్డున దిగారు. ఉత్తర జర్మన్ మిషను అనే సంస్థ తరఫున వాలెట్ అనే ఆయన 1840ల నడుమ రాజమండ్రిలో పని మొదలుపెట్టాడు. తర్వాత మరికొందరు వచ్చి కలిశారు. వాళ్ళకు దేశం నుంచి డబ్బు సరిగా అందలేదు. 1848లో జర్మన్ సంస్థానాల్లో విప్లవాలు చెలరేగాయి. ఆ సంస్థ ఆఫ్రికా పడమటి తీరంలో ఈవే ప్రజల మధ్య కూడా పని పెట్టుకుంది. రెండూ మోయలేక 1850-51 ప్రాంతంలో రాజమండ్రిని అమెరికా లూథరన్లకు అప్పగించేసింది. అంటే గుంటూరు, రాజమండ్రి ఒకే గొడుగు కిందికి వచ్చాయి. రాజమండ్రిలో ఉన్న జర్మన్లు కొందరు అలాగే ఉండిపోయి, అమెరికా సంఘం కింద పనిచేశారు.

చూడండి, ఎంత విచిత్రమో. జర్మనీలో పుట్టినవాళ్ళు, అమెరికాలో జర్మన్ రైతులు ఆదివారం చందాగా వేసిన చిల్లర డాలర్లతో, ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉన్న గోదావరి జిల్లాలో, తెలుగు పిల్లలకు అఆలు చెప్పారు. ఆ చందాలు వేసినవాళ్ళు పెద్ద ధనికులేమీ కారు. అప్పుడే అడవి కొట్టి మొక్కజొన్న వేసుకున్న జనం.

మిన్నెసోటా నది ఒడ్డున

1857లో హయ్యర్ తిరిగి అమెరికా వెళ్ళాడు. వయసు 64. ఇంటిపట్టున ఉండక మిసిసిపి నది ఎగువన ఉన్న సెయింట్ పాల్ అనే ఊరికి పోయాడు. 1860లో ఆ ఊరి జనాభా 10 వేల పైచిలుకు మాత్రమే. అంటే ఇప్పటి మన తిరువూరు కన్నా చిన్నదే. అక్కడ జర్మన్ వలసవాళ్ళ మధ్య పనిచేసి, 1860లో మిన్నెసోటా లూథరన్ సంఘాలను ఒక సినాడుగా కూర్చి దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

ఆ రాష్ట్రంలోనే మిన్నెసోటా నది ఒడ్డున న్యూ ఉల్మ్ అనే చిన్న ఊరు ఉంది. జర్మన్ వలసల చరిత్ర అర్థం కావాలంటే ఆ ఒక్క ఊరు చూస్తే చాలు. 1854లో చికాగో నుంచి వచ్చిన జర్మన్లు దాన్ని మొదలుపెట్టారు. జర్మనీలో డాన్యూబ్ నది మీద ఉన్న ఉల్మ్ పేరు పెట్టుకున్నారు. రెండేళ్ళకు సిన్సినాటి నుంచి ఇంకొక జట్టు వచ్చి చేరింది. వాళ్ళు వ్యాయామం, చదువు, నాటకం కలిపి నేర్పే 'టర్నర్' సంఘాల వాళ్ళు. ఊరిలో టర్నర్ హాలు కట్టుకున్నారు. 1860లో బీరు బట్టీ పెట్టుకున్నారు, అది ఇప్పటికీ నడుస్తోంది. అంతా జర్మన్ భాషే, జర్మన్ పాటలే. ఊరు చక్కగా గళ్ళు గీసినట్టు వీధులు తీర్చుకున్నారు.

ఇంతవరకూ చదివితే కష్టపడి పైకి వచ్చిన వలసజనం కథలాగే ఉంటుంది. మేము కూడా అలాగే మెచ్చుకుంటూ చదివాం. తర్వాత ఒక ప్రశ్న అడ్డం వచ్చింది. ఆ భూమి అంతకు ముందు ఎవరిది?

అది డకోటా తెగ ప్రజలది. 1851లో అమెరికా ప్రభుత్వం వాళ్ళతో రెండు ఒప్పందాలు రాయించుకుని సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు తీసుకుంది. బదులుగా నది వెంట ఒక సన్నటి పట్టీ మిగిల్చి, ఏటా కొంత సొమ్ము ఇస్తామన్నది. 1862లో ఆ సొమ్ము సమయానికి రాలేదు. అంతకు ముందు పంట పోయింది. పిల్లలు ఆకలితో ఉంటే కొట్టువాళ్ళు అరువు ఇవ్వమన్నారు. గిడ్డంగిలో సరుకు ఉంది. ఆగస్టులో డకోటా వాళ్ళు తిరగబడ్డారు. ఆగస్టు 19న, 23న న్యూ ఉల్మ్ మీద దాడి జరిగింది. ఊరిలో చాలా భాగం తగలబడింది. మిగిలిన జనమంతా పిల్లాజెల్లాతో బండ్ల మీద మంకాటో అనే ఊరికి పారిపోయారు. రెండు వైపులా వందలమంది చనిపోయారు. ఆ డిసెంబరు 26న అదే మంకాటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరి తీశారు. మరుసటి సంవత్సరం డకోటా ప్రజలను మిన్నెసోటా నుంచే వెళ్ళగొట్టారు.

ఆకలికి తాళలేక తమ ఊళ్ళు వదిలి వచ్చిన జర్మన్ రైతులు ఒకవైపు, తమ ఊళ్ళోనే ఆకలితో మాడిన డకోటాలు ఇంకొకవైపు. న్యూ ఉల్మ్ బడిలో ప్రతి జర్మన్ పిల్లవాడికి చోటుంది. డకోటా పిల్లలకు ఆ జిల్లాలోనే చోటు లేకుండా పోయింది. మేము ఇక్కడ ఎవరినీ రాక్షసులుగా చూపించదలచుకోలేదు. ఆ రైతులు ఒప్పందాలు రాయలేదు, సొమ్ము ఆపలేదు. కానీ వాళ్ళు దున్నిన నేల మాత్రం అదే.

మళ్ళీ గోదావరికి

ఇటు రాజమండ్రిలో పరిస్థితి దిగజారింది. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం. ఆ యుద్ధం వల్లనే మన దేశపు పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆ యుద్ధం వల్లనే ఇక్కడి బళ్ళకు వచ్చే డబ్బు ఎండిపోయింది. 1866లో రాజమండ్రిలో పనిచేస్తున్న ఆడమ్ లాంగ్ అనే ఆయన మశూచితో చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు అక్కడ నిలకడగా ఉండే దొర ఎవరూ లేరు. అమెరికాలోని లూథరన్లు కూడా తమలో తాము చీలిపోయారు.

అయినా పని ఆగిపోలేదు. ఎందుకు ఆగలేదో చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. జోసెఫ్, పౌలు అనే ఇద్దరు తెలుగువాళ్ళు ఆ సంఘాలను కనిపెట్టుకుని ఉన్నారు. 1878లో వాళ్ళిద్దరికీ గురువుల పదవి దక్కింది. అంటే దొరలు లేనప్పుడు దొరల పని చేసిన 10 ఏళ్ళకు పైగా తర్వాత! హయ్యర్ గారి గొప్పతనాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఓడ ఎక్కి వచ్చినవాడి పేరు వీధికీ భవనానికీ పెడతారు, పల్లెలో ఉండి దీపం ఆరిపోకుండా చూసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. మన చరిత్ర రాసుకునేటప్పుడు ఈ తప్పు మనం చేయకూడదు.

1869లో అమెరికా పెద్దలు రాజమండ్రిని ఇంగ్లీషు వాళ్ళ చర్చ్ మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామని నిర్ణయానికి వచ్చారు. పంపడానికి మనిషి లేడని వాళ్ళ బాధ. అప్పుడు 76 ఏళ్ళ హయ్యర్ సభలో లేచి 'ఎవరూ దొరకకపోతే నేనే పోతాను' అన్నాడట. ఎప్పుడు బయల్దేరగలవని అడిగితే చేతిలో సంచీ చూపించి ఇప్పుడే అన్నాడని చెప్పుకుంటారు. చెప్పుకునే మాట ఎంతవరకు నిజమో గాని, 1869 చివరికల్లా ఆయన రాజమండ్రిలో ఉన్న మాట నిజం. 1870లో ష్మిట్ అనే యువకుడు వచ్చి చేరాడు. అతను డెన్మార్క్‌కూ జర్మనీకీ మధ్య ఉన్న ష్లెస్విగ్ సీమకు చెందినవాడు. బాధ్యత యువకులకు అప్పగించి హయ్యర్ 1871లో వెళ్ళిపోయాడు. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో, మొదట ఓడ దిగిన ఊళ్ళోనే కన్నుమూశాడు.

'బోర్డింగు' అనే మాట

గుంటూరు, గోదావరి, కృష్ణా జిల్లాల పెద్దవాళ్ళు హాస్టలు అనరు, 'బోర్డింగు' అంటారు. మనలో చాలామంది తాతయ్యలు, అమ్మమ్మలు 'నేను బోర్డింగులో అయిదు దాకా చదివాను' అనడం మనం విన్నాం. ఆ మాట ఇలాంటి మిషను బళ్ళ నుంచే వచ్చింది.

బోర్డింగు ఎందుకు పుట్టింది? పల్లె పిల్లవాడిని ఊరి బళ్ళో కూర్చోనివ్వరు. అరుగు కింద నిలబడి వినాలన్నా తరిమేస్తారు. పల్లెలో బడి పెడితే మాపటేళ దీపం వెలుగులో తప్ప పిల్లలు రారు, పగలు పశువుల కాపుకు, పాలేరుతనానికి పోవాలి. అందుకని పిల్లవాడిని పల్లె నుంచి, ఆసామి చేతికింద నుంచి తప్పించి ఒకచోట ఉంచి, తిండి పెట్టి చదివించాలి. చాలా బోర్డింగుల్లో పిల్లలు తోటపని, నీళ్ళు తోడడం, వడ్లు దంచడం చేసుకుంటూ చదువుకునేవారు. గుంటూరులో, రాజమండ్రిలో, పెద్దాపురంలో ఇలాంటివి పెరిగాయి. ఆడపిల్లలకు వేరే ఏర్పాట్లు జరిగాయి. పెన్సిల్వేనియా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ స్త్రీల కోసం 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఆమె పని గుంటూరులోనే.

బోర్డింగులో చదివినవాడు తిరిగి పల్లెకు పంతులై వచ్చాడు. ఇది చిన్న మార్పు కాదు. అప్పటివరకు 'ఒరేయ్' అని తప్ప పిలిపించుకోని ఇంటి మనిషిని 'పంతులుగారూ' అని పిలవడం తెలుగు నేల మీద అప్పుడు మొదలైంది. మహాకవి గుర్రం జాషువా కూడా గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు 10 ఏళ్ళు పాఠాలు చెప్పినవారే.

మనవైపు మాత్రం ఈ పని చేసింది లూథరన్లు కాదు, ఇంగ్లీషు వాళ్ళ చర్చ్ మిషనరీ సొసైటీ. అందుకే మన ప్రాంతంలో ఎక్కువగా సి.ఎస్.ఐ. చర్చీలు కనిపిస్తాయి. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు అవి అందులో కలిశాయి. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి కలవలేదు. మన కృష్ణా జిల్లాలోనూ మొదటి అడుగు వేసింది పల్లెవాళ్ళే. రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య తనంతట తానే వెతుక్కుంటూ బెజవాడలో డార్లింగ్ దొర దగ్గరికి వెళ్ళాడు. అది 1859 నాటి మాట. ఎవరో వచ్చి ఉద్ధరించారు అనే కథ కన్నా, మనవాళ్ళు తలుపు ఎక్కడుందో వెతికి తట్టారు అనేదే నిజానికి దగ్గర.

ఒకే యుద్ధం, రెండు ఒడ్డులు

ఇంకా కొందరు జర్మన్లు తెలుగు నేల మీదికి వచ్చారు. నేరుగా జర్మనీ నుంచే. హెర్మన్స్‌బర్గ్ మిషను వాళ్ళు 1860ల నడుమ నుంచి సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు పనిచేశారు. బ్రెక్లుమ్ మిషను వాళ్ళు 1880ల్లో సాలూరు, పార్వతీపురం, అటు ఒరిస్సా కొండల్లో కొరాపుట్, జయపురం దాకా వెళ్ళారు. వాళ్ళు తెలుగు బాగా నేర్చుకున్నారు. కొందరి పిల్లలు ఇక్కడే పుట్టారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లండుకు, జర్మనీకి యుద్ధం. అంతే, 50 ఏళ్ళుగా బడి చెబుతున్న జర్మన్ పంతులు ఒక్కసారిగా శత్రువు అయిపోయాడు. మగవాళ్ళను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆడవాళ్ళను, పిల్లలను, వయసు మళ్ళినవాళ్ళను ఓడ ఎక్కించి జర్మనీకి పంపించేశారు. 1915-16లో అలా తీసుకుపోయిన ఓడ పేరు 'గోల్కొండ'. మన కోట పేరే. నాయుడుపేట వైపు బళ్ళను అమెరికాలోని ఒహాయో లూథరన్లు తీసుకున్నారు. వాళ్ళూ జర్మన్ వలసవాళ్ళ మనుమలే! సాలూరు వైపు సంఘాలను కొంతకాలం రాజమండ్రి అమెరికన్లు చూశారు.

అదే సమయంలో మిన్నెసోటా నది ఒడ్డున ఏం జరిగిందో చూడండి. 1917లో అమెరికా కూడా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. న్యూ ఉల్మ్‌లో సగం మంది తాతలది జర్మనీ. తమ పిల్లలను బలవంతంగా సైన్యంలో చేర్చి అన్నదమ్ముల మీదికే పంపవద్దని 1917 జూలై 25న ఊళ్ళో పెద్ద సభ జరిగింది. ఆ సభలో మాట్లాడినందుకు మేయరు లూయిస్ ఫ్రిచేను, నగర న్యాయవాది ఆల్బర్ట్ ఫేండర్‌ను గవర్నరు పదవుల నుంచి తొలగించాడు. డాక్టర్ మార్టిన్ లూథర్ కళాశాల అధిపతి ఆకర్‌మన్ కూడా కుర్చీ వదులుకోవలసి వచ్చింది. ఆ కళాశాల ఎవరిదనుకున్నారు? హయ్యర్ మొదటి అధ్యక్షుడుగా కూర్చిన ఆ మిన్నెసోటా సినాడే దాన్ని 1884లో స్థాపించింది. గుంటూరు కళాశాల కంటే ఒక్క ఏడాది పెద్దది.

చాలా రాష్ట్రాల్లో బళ్ళలో జర్మన్ భాష నేర్పకూడదని చట్టాలు చేశారు. నెబ్రాస్కా రాష్ట్రంలో మేయర్ అనే లూథరన్ పాఠశాల ఉపాధ్యాయుడు ఒక పదేళ్ళ పిల్లవాడికి జర్మన్ చదువు చెప్పాడని జరిమానా వేశారు. ఆయన ఊరుకోక సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1923లో ఆ చట్టం చెల్లదని తీర్పు వచ్చింది. తెలుగు మాట్లాడితే మెడలో పలక వేసి నిలబెట్టే బళ్ళ సంగతి మనం పత్రికల్లో చదివాం కదా. మేయర్ మాస్టారి లాంటివాళ్ళు ఇక్కడ కూడా ఉండాలి అనిపించింది.

మిగిలిన చిక్కు ఒకటి

ఆ బోర్డింగుల్లో చదివిన కుటుంబాలకు స్వాతంత్ర్యం తర్వాత ఒక కొత్త చిక్కు వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులను మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా లెక్కిస్తారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన వారిని చేర్చలేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి. 'సి' గుంపులో పెట్టి 1 శాతం రిజర్వేషను ఇచ్చారు. మతం మారితే కులం పోతుందని చట్టం అనుకుంటుంది. పల్లె మాత్రం ఊరికి అదే వైపున, అదే దూరంలో ఉంది. పల్లె బావి మారలేదు, శ్మశానం మారలేదు. ఏది న్యాయం అన్నదాని మీద మాలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఒకరు 'ఉన్న వాటానే సన్నగిల్లుతుంది' అంటారు, ఒకరు 'అంటరానితనం పోలేదు కదా' అంటారు. ఈ వ్యాసం రాసేటప్పుడు రాత్రి స్టడీ అవర్ అయ్యాక కూడా ఈ వాదన నడిచింది. ఇంకా తేలలేదు.

ప్రభుత్వం ఈ రంగంలోకి దిగింది చాలా ఆలస్యంగా. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మహాసభ జరిగింది. అక్కడే 'ఆది ఆంధ్ర' అనే పేరు నిలబడింది. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనరును పెట్టి, అణగారిన కులాల పిల్లలకు బళ్ళు, ఉపకార వేతనాలు మొదలుపెట్టింది. ఆ దారిలోనే నేటి సాంఘిక సంక్షేమ శాఖ, దాని హాస్టళ్ళు వచ్చాయి. బోర్డింగులో తిండి ఎక్కడో మిన్నెసోటాలోనో పెన్సిల్వేనియాలోనో ఎవరో వేసిన చందా. మన హాస్టల్లో తిండి మన ప్రభుత్వపు బడ్జెట్టు. చందా ఆగితే అడగడానికి ఎవరూ లేరు, రాజమండ్రిలో 1866 తర్వాత అదే జరిగింది. బడ్జెట్టు ఆలస్యమైతే అర్జీ పెట్టే హక్కు మనకుంది. మెస్ చార్జీల కోసం మన సీనియర్ అన్నలు తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చున్న రోజులు మన హాస్టలు చరిత్రలో కూడా ఉన్నాయి.

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. మీ ఇళ్ళల్లో తాతలు, నాయనమ్మలు ఎవరైనా ఏదైనా మిషను బోర్డింగులో చదివి ఉంటే ఆ ఊరి పేరు, సంవత్సరం, అక్కడ వాళ్ళు ఏమి తిన్నారు, ఏ పని చేశారు, ఏ తరగతిలో ఎందుకు ఆగిపోయారు అన్నవి వాళ్ళను అడిగి ఒక కాగితం మీద రాసి పంపండి. ఫొటో ఉంటే దాని నకలు పంపండి, అసలుది వద్దు. వచ్చే వార్షికోత్సవ సంచికలో వాళ్ళ పేర్లతోనే అచ్చు వేస్తాం.